మాపటి పాలకు అందే దూరం

శాలిబండలో రామ్‌చందర్ ఇంటి వెనక రేకుల కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి వాటి పాలు తీయాలి. బర్రెకు పండగ తెలియదు, మనిషికి జ్వరమొచ్చిన సంగతి తెలియదు. వేళకు మనిషి రాకపోతే అరుస్తుంది, అంతే. అందుకే యాభై నాలుగేళ్ల రామ్‌చందర్‌కు లోకమంటే పొద్దటి పాలకూ మాపటి పాలకూ మధ్య వెళ్లి రాగలిగినంత మేరే. యాదగిరిగుట్ట ఆ మేరలో ఉంది. కరీంనగర్ అందులో ఉందో లేదో మేనమామ కొడుకు పెళ్లిలో తేలింది. తలంబ్రాలు చూడకుండానే బస్సెక్కాల్సి వచ్చింది. తిరుపతి ఆ మేరలో లేదు. సముద్రం అసలే లేదు.

ఈ బతుకును అతను కోరుకోలేదు. ఏడో తరగతి పరీక్షకు పది రోజులుందనగా తండ్రి పోయాడు. తల్లి వరమ్మ పాలు పిండగలదు గానీ ఇంటింటికీ తిరిగి పోసేదెవరు? సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టి పదమూడేళ్ల పిల్లవాణ్ణి దాని మీద ఎక్కించారు. ఇంట్లో చూసేవాళ్లు లేక మూడేళ్ల చెల్లెలు తనూజను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టారు. ఆమె ఆ కడ్డీ మీదే పెరిగింది. తర్వాత దాని మీదే బడికి పోయింది. బడి గేటు దగ్గర దించేటప్పుడు రామ్‌చందర్ రోజూ ఒకే మాట చెప్పేవాడు: "ఎటు పోయినా మాపటి పాలకు ఇంట్ల ఉండాలె."

ఆ తనూజ నర్సు చదువు చదివింది, పెళ్లి చేసుకుంది, పదకొండేళ్ల కింద మొగుడు ఓదెలుతో మస్కట్ వెళ్లిపోయింది. అక్కడ ఓదెలు ఏసీలు బాగుచేస్తాడు, ఆమె ఆసుపత్రిలో పని చేస్తుంది. దిగాల్సినవాళ్లు దిగిపోయారు, తొక్కేవాడు ఇంకా తొక్కుతూనే ఉన్నాడు అని రామ్‌చందర్ అనుకుంటూ ఉంటాడు. పైకి అనడు. మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

ఆ బుధవారం పొద్దున అతను నాలుగో బర్రె కింద కూర్చుని ఉండగా తనూజ చాయ్ తీసుకుని కొట్టంలోకి వచ్చింది. ఆమె వచ్చి మూడు రోజులయింది, మర్నాడే తిరుగు ప్రయాణం. తవుడు బస్తా మీద కూర్చుని, చివర కట్టేసిన చంద్రి అనే బర్రె నుదురు గీరింది. తర్వాత అడిగింది.

"అన్నా, రేపు పోయేముందు నాకు ఒడిబియ్యం పోస్తవా?"

రామ్‌చందర్ చేతులు ఆగలేదు. బకెట్లో పాల చప్పుడు మాత్రం కొంచెం పెరిగింది.

పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు మూడేళ్లకో ఐదేళ్లకో ఒడి నింపుతారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ కొంగులో పోసి కడతారు. ఆమె ఆ బియ్యాన్ని తన ఇంటికి తీసుకుపోయి, వండి, చుట్టుపక్కల వాళ్లకు పెడుతుంది. ఈమె వెనక ఒక ఇల్లుందని పదిమందికీ తెలిసేది ఆ పూటే. వీళ్ల ఇంట్లో దానికి ఒక నియమం కూడా ఉంది, వరమ్మ అత్త నాటిది. ఒడి నిండిన మనిషి వెనక్కి తిరగకూడదు, దారిలో మరొకరి ఇంట నిద్ర చేయకూడదు. ఆ రోజే దీపాలు పెట్టే వేళకు ముందు తన ఇంటి గడప దాటి లోపల ఉండాలి. వరమ్మ పుట్టిల్లు ఇదే ఊళ్లో కార్వాన్‌లో. నడిచి వచ్చినా పొద్దుండగానే చేరేది. మస్కట్‌కు ఎవరు నడిచి పోగలరు? అందుకని తనూజ వెళ్లినప్పటి నుంచి ఆమెకు ఒడిబియ్యం లేవు.

అయ్యే పని కాదని రామ్‌చందర్ చెప్పాడు. అమ్మను అడుగు, ఇది అమ్మ పద్ధతి అన్నాడు. చాయ్ చల్లారిపోయాక తాగాడు.

పాలు పోసి పదింటికి అతను ఇంటికొచ్చేసరికి నడిమింట్లో ముగ్గురు ఆడవాళ్లూ కూర్చుని ఉన్నారు. భార్య సత్తెమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. వరమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. నాలుగేళ్ల కింద తుంటి విరిగినప్పటి నుంచి ఆమె కూర్చునే తీరే అది. తనూజ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూసి జాలి కలగాల్సింది, కోపం కలిగింది. ఏడ్చి నెగ్గేవాళ్లంటే అతనికి మొదటి నుంచీ పడదు. తనకు ఆ వసతి ఎప్పుడూ లేదు మరి.

"అమ్మనడిగితే అన్ననడుగు అంటది, నిన్నడిగితే అమ్మ పద్ధతి అంటవు," అంది తనూజ. "మీ ఇద్దరి నడుమ పదకొండేండ్లయింది."

వరమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను చెప్పింది ఒక్కటే బిడ్డా. దీపం యాల్లకు ఇంట్ల పడాలె. నీ ఊరు ఎంత దూరమో నాకేమెరుక? వాడే లెక్క జేసిండు. అందదన్నడు."

ఏం లెక్క అని తనూజ అడిగింది. రామ్‌చందర్ కొట్టంలోకి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది. దాణా తొట్టి పైన గోడ మీద, ఎన్నో ఏళ్లుగా ఎవరూ తుడవని సుద్దగీతలున్నాయి. ఎప్పుడో ఆమె వదిలేసిపోయిన టికెట్టు కాగితం చూసి అతను వేసిన లెక్క అది. మస్కట్‌లో విమానం లేచేది తొమ్మిదింపావుకు, ఇక్కడ దిగేది రెండింటికి. అంటే దాదాపు ఐదు గంటలు. శంషాబాద్ దాకా రోడ్డు ఒకటి, విమానాశ్రయంలో పడిగాపులు మూడు, గాల్లో ఐదు, దిగి బయటపడడానికి ఒకటి, ఇంటికి ఒకటి. మొత్తం పదకొండు. కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి ఒడి కట్టుకుని లేచినా చేరేసరికి రాత్రి ఎనిమిది.

తనూజ ఆ గోడను చాలాసేపు చూసింది. గాల్లో ఐదు గంటలు కాదు, మూడున్నరే అని నెమ్మదిగా చెప్పింది. శంషాబాద్ నుంచి మస్కట్‌కు రెండు వేల రెండొందల కిలోమీటర్లు. నువ్వు కరీంనగర్‌కు బస్సులో కూర్చున్నంత సేపే అంది. దిగాక ముప్పావుగంటలో ఇంట్లో ఉంటానని కూడా చెప్పింది. అతను నమ్మలేదు. అచ్చు వేసిన కాగితం ఒకటి చెబుతుంటే మనిషి ఇంకోటి చెబుతుందేమిటన్నాడు. ఆమె ఫోనులో మర్నాటి టికెట్టు తీసి చూపించింది. ఇక్కడ లేచేది పదకొండింటికి, అక్కడ దిగేది ఒంటిగంటకు.

అది చూశాక అతనికి అనుమానం రూఢి అయింది.

"రాంగ అయిదు గంటలు. పోంగ రెండు గంటలు. నీ నోటితోని మూడున్నర. ఒక్క తొవ్వకు మూడు లెక్కలా, తనూ? ఏడో తరగతి ఎల్లగొట్టనోని ముంగట ఏదైనా నడుస్తది అనుకున్నవా?"

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని ఆమె చెప్పబోయింది. చదువుకున్నవాళ్ల మాటలు తనకొద్దని అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టాక నోరు ఆగలేదు. నలభై ఏళ్లుగా లోపల పేరుకున్నదంతా బయటికొచ్చింది. తాను వదిలేసిన బడి, తాను చూడని పెళ్లిళ్లు, తాను ఎక్కని రైళ్లు. ఒక్కొక్కటీ వడ్డించినట్టు చెప్పాడు. చివరికి అన్నాడు: "ఈడ ఉన్నోనికే దూరం తెలుస్తది. పోయినోళ్లకు తెల్వది. నువ్వు పోయినవ్. పోయిన మనిషికి ఒడి ఎట్ల నింపుతరు?"

తనూజ చంద్రి తాడు సరిచేసింది, అది సరిగానే ఉన్నా. ఆ తర్వాత, అన్న మొహం చూడకుండా ఒక మాట చెప్పింది.

"ఆడ మనోళ్లు పది ఇండ్లున్నయన్నా. అందరి ఒడిబియ్యం బువ్వ నేను తిన్న. నేను ఒక్కనాడు పెట్టలే. పోయినసారి ఒకామె అడిగింది, 'నీకు తల్లిగారిల్లు లేదా' అని. ఉన్నదని చెప్పిన. ఆమె నమ్మలే."

ఆమె లోపలికి పోయి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు.

మూడింటికి రామ్‌చందర్ కొట్టంలో గడ్డి కోస్తుంటే సత్తెమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతని కోపానికి ఎదురు చెప్పింది తక్కువ. ఆరేటప్పటికి అదే ఆరుతుందని ఊరుకుంటుంది. ఈసారి ఆరేదాకా ఆగలేదు.

"నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నది. ఆ ఒట్టు పోతే పోనియ్యి, నా తలకే కొట్టనియ్యి," అని మొదలుపెట్టింది.

పదకొండేళ్ల కింద తనూజకు రెండు చోట్ల నుంచి ఉద్యోగం కాగితాలొచ్చాయట. ఒకటి ఐర్లాండ్, ఒకటి మస్కట్. ఐర్లాండ్‌లో జీతం ఎక్కువ, ఉన్నన్నాళ్లూ ఉండొచ్చు, చల్లని దేశం. ఓదెలుకు అదే ఇష్టం. తనూజ ఆ రెండు కాగితాలూ పట్టుకుని ఇదే తవుడు బస్తా మీద కూర్చుని, ఏ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు అని ఫోనులో వెతికిందట. ఐర్లాండ్‌కు రెండు విమానాలు మారాలి, దగ్గర దగ్గర ఒక రోజు. మస్కట్‌కు ఒక్కటే విమానం, మూడున్నర గంటలు.

"అప్పుడు నాతోని అన్నది," అంది సత్తెమ్మ. "వదినా, పొద్దటి పాలు పిండి అన్న నాకు ఫోన్ చేస్తే, మాపటి పాలకు నేను ఇంట్ల ఉండాలె. ఐర్లాండ్ నుంచి అందది, మస్కట్ నుంచి అందుతది అన్నది. ఆ ఐర్లాండ్ కాయితం నా ముంగటనే పొయ్యిల పెట్టింది. ఓదెలు నెల దినాలు మాట్లాడలే ఆమెతోని. నువ్వేమో ఇయ్యాల దూరం పోయినవంటివి."

చెప్పి ఆమె వెళ్లిపోయింది. కొడవలి అతని చేతిలో అలాగే ఉంది.

అతనికి వరమ్మ కింద పడిన రోజు గుర్తొచ్చింది. పొద్దటి పాలు తీస్తుండగా బాత్రూం దగ్గర ఆమె జారింది. ఆసుపత్రికి తీసుకుపోతూ ఆరున్నరకు తనూజకు ఫోన్ చేశాడు. సాయంత్రం నాలుగింటికి డాక్టరు ఏదో ఇంగ్లీషులో చెబుతుంటే అర్థం కాక నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో డాక్టరుకు అదే ఇంగ్లీషులో బదులిచ్చారు. తిరిగి చూస్తే తనూజ. భుజాన సంచి ఇంకా దించలేదు. "నువ్వు పో అన్నా, మాపటి పాలకు యాల్లయితుంది. నేనున్న," అంది. అతను పోయి పాలు పిండాడు. ఆ రోజు కూడా చుట్టంలా వచ్చింది చూడు అనుకున్నాడే గానీ, ఎలా అందుకుంది అని ఒక్కసారీ అనుకోలేదు. అది దానంతట అదే జరిగిందనుకున్నాడు. బర్రె దానంతట అదే పాలివ్వదని తెలిసిన మనిషి.

సాయంత్రం పాలు పిండి, రోజూలాగే జహంగీర్ భాయ్ చాయ్ హోటల్లో పోయడానికి వెళ్లాడు. గల్లా పైన గోడకు రెండు గడియారాలుంటాయి. ఒకటి సరైన టైం చూపిస్తుంది. రెండోది ఎప్పుడూ గంటన్నర వెనక. దాన్ని బాగుచేయించడానికి కూడా చేతులు రాని పిసినారి అని రామ్‌చందర్ ఏళ్ల తరబడి అతని గురించి అనుకుంటున్నాడు. ఆ రోజు మొదటిసారి అడిగాడు, ఆ గడియారం ఎందుకు వెనక నడుస్తుందని.

జహంగీర్ భాయ్ పాలు వడకడుతూ తలెత్తకుండా చెప్పాడు. "ఖరాబ్ కాలే భాయ్ అది. మస్కట్ టైం. మా పెద్దోడు ఆడనే ఉన్నడు గదా. ఎప్పుడు లేస్తడో, ఎప్పుడు తింటడో, వాళ్లమ్మకు తెల్వాలె. చెల్లె ఆడనే ఉన్నది, నీకు ఎరుకే అనుకున్న."

రామ్‌చందర్ ఆ రెండు గడియారాల కింద ఖాళీ క్యాను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పోయేటప్పుడు కాగితం మీద రెండు గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలు. ఒకదాంట్లో గంటన్నర కలిపి, ఇంకోదాంట్లో గంటన్నర తీసేస్తే ఎటు చూసినా దగ్గర దగ్గర మూడున్నరే. తనూజ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇంటికెళ్లి గోడ మీది లెక్కను అరచేత్తో తుడిచేశాడు. ఏడున్నరకు ఇంట్లోంచి బయల్దేరితే, అక్కడి టైం ప్రకారం రెండింటికల్లా ఆమె ఇంట్లో ఉంటుంది. దీపం వేళకు కాదు, మాపటి పాలకంటే కూడా ముందే.

క్షమించమనడం అతనికి రాదు. నడిమింట్లోకి పోయి, చెల్లెలికి వినబడేటట్టు భార్యతో అన్నాడు: "పొద్దుగాల బియ్యానికి పసుపు కలుపు. అయిదు సేర్లు."

పెట్టె సర్దుతున్న తనూజ చేతులు ఆగాయి. ఆ మాట విన్న వరమ్మ తన ట్రంకు పెట్టె తాళంచెవి కోసం చాప కింద వెతకడం మొదలుపెట్టింది. అందులో ఆకుపచ్చ అంచు పసుపు చీర ఒకటుంది. కొని ఎన్నాళ్లయిందని సత్తెమ్మ అడిగితే, దానికి కాలంతో పనేముందని గదిమింది ముసలావిడ.

గురువారం పొద్దున పాలు పిండాక రామ్‌చందర్ స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకున్నాడు. అమ్మ ఇచ్చిన పసుపు చీర కట్టుకుని పీట మీద తనూజ తూర్పు మొహంగా కూర్చుంది. సత్తెమ్మ పసుపు బియ్యం గంప తెచ్చింది. మొదటి దోసిలి వరమ్మ, కూర్చున్న చోటి నుంచే ముందుకు జరిగి పోసింది. తర్వాత సత్తెమ్మ పోసింది. రామ్‌చందర్ వంతు వచ్చినప్పుడు దోసిలి పొర్లేటట్టు తీసి పోశాడు.  కొన్ని గింజలు కింద పడితే ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేశాడు.

ఐదు కుడుకలు కూడా వేశారు. విమానంలో కుడుకలు తీసుకుపోనివ్వరని తనూజ చెప్పింది. వరమ్మ మొహం చిన్నబోయింది. ఒడి నింపుకున్నాక ఆడబిడ్డ అందులోంచి కొంత పుట్టింట్లోనే తిరిగి పోసి పోతుంది కదా, ఆ వంతుకు ఈ కుడుకలనే వేస్తానని తనూజ గంపలో పెట్టింది. ముసలావిడకు అది నచ్చింది. పద్ధతి తెలిసిన పిల్ల అని సత్తెమ్మతో రెండుసార్లు చెప్పింది.

ఆటో ఎక్కేటప్పుడు తనూజ వెనక్కి తిరగలేదు. తిరగకూడదు. అయినా ముందుకే చూస్తూ అడిగింది, "అన్నా, పోయి రానా?" అని. పోయి రా అన్నాడు. మాపటి పాలకు ఇంట్ల ఉండాలె అనే అలవాటైన మాట మాత్రం ఈసారి అనలేదు.

పదిన్నరకు ఫోన్ వచ్చింది. విమానంలో ఏదో చెడిందట, బాగుచేస్తున్నారట. పదకొండింటికి లేవాల్సింది మూడు దాటాక గానీ లేవదట. తనూజ గొంతు మామూలుగా పెట్టుకునే ప్రయత్నం తెలుస్తూనే ఉంది. బియ్యం ఒళ్లోనే ఉన్నాయని, తనిఖీ చేసే అమ్మాయి పసుపు చూసి ఏమీ అడగకుండా పంపిందని చెప్పింది. ఇంటికి వచ్చి కూర్చుందామన్నా రాకూడదు, ఒడి నిండిన మనిషి.

వరమ్మ ఆ మాట విన్నప్పటి నుంచి మెతుకు ముట్టలేదు. పదకొండేళ్లు ఆగినవాళ్లం ఇంకా ఆగితే పోయేది, ఇప్పుడు నియమం తప్పిస్తే ఆ పిల్లకేమవుతుందో అని గోడకేసి చెప్పుకుంటూ కూర్చుంది. రామ్‌చందర్ మధ్యాహ్నమంతా ఇంట్లోకీ కొట్టంలోకీ తిరిగాడు. మూడుంపావుకు విమానం లేచిందని ఓదెలు మస్కట్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు.

ఐదింటికి పాలకు కూర్చున్నాడు. ఐదు బర్రెలు అయ్యాయి. చంద్రి కింద బకెట్ పెట్టి, దూడను వదిలి, అది చేపుకొచ్చాక కూడా అతని చేతులు ముందుకు పోలేదు. ఇది పిండితే మాపటి పాలు అయిపోయినట్టే. పిల్ల ఇంకా దారిలోనే ఉంది. దూడను లాగి కట్టేసి లేచాడు. నలభై ఏళ్లలో అతను బర్రెను వేళ తప్పించింది లేదు. చంద్రి ఆశ్చర్యపోయినట్టు తిరిగి చూసి అరిచింది. ఏం పోయేకాలం, అది నొప్పికి అరుస్తుంటే వినబడడం లేదా అని సత్తెమ్మ లోపల్నుంచి కేకేసింది. 

ఆరూ ఇరవై దాటాక మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపించింది. శాలిబండలో పొద్దుగూకిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. సత్తెమ్మ దీపం కుందె తెచ్చి అత్త ముందు పెట్టింది. వరమ్మ అగ్గిపెట్టె ముట్టుకోలేదు. ద్వారం వైపు చూస్తూ, "నా చేతులతోనే పోసిన బిడ్డ ఒడిల," అంది. కన్నీళ్లు ముడతల్లోకి జారి అక్కడే ఆగాయి.

రామ్‌చందర్ క్యాను తీసుకుని హోటల్‌కు పరిగెత్తినంత పని చేశాడు. జహంగీర్ భాయ్ నమాజుకు పోయినట్టున్నాడు, గల్లా దగ్గర ఎవరూ లేరు. పైన రెండో గడియారంలో ఇంకా ఐదు కాలేదు. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ.

ఇంటికొచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారి ముందు కూర్చున్నట్టు కూర్చుని, తనకు ఇంతకుముందే అర్థమైన దాన్ని ఆమెకు చెప్పాడు.

"అమ్మా, ఆడ ఇంకా అయిదు గొట్టలే. పొద్దు మన దగ్గర గూకింది గానీ ఆడ గూకలే. పొద్దు ఎటు పోతదో తనూ గటే పోతున్నది. దాని ఎనుకనే పోతున్నది. గంటకు పైన టైం ఉన్నది, ఫికర్ జెయ్యకు."

వరమ్మ నమ్మిందో లేదో గానీ కొడుకు చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లలో ఆమె ఆ చెయ్యిని అలా పట్టుకున్న గుర్తు అతనికి లేదు. అరచెయ్యి తిప్పి బొటనవేలి మొదట్లో కాయ కాసిన చోట వేలితో రాసింది. బడి మాన్పించిన రోజు గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. ఆ రాసిన తీరులో ఉంది అదంతా. ఎవరూ తనకేమీ బాకీ లేరని రామ్‌చందర్‌కు అప్పుడనిపించింది. తన లోకానికి బయట ఉందనుకున్న మనిషి, తన లోకం ఎంతవరకో కొలుచుకుని దాని లోపలే ఇల్లు పెట్టుకుంది. పన్నెండు గంటల చిన్న లోకం. అందులో అవతలి ఒడ్డున దీపం పెట్టుకుని ఇన్నేళ్లూ కాచుకుని ఉంది. తాను ఒక్కసారీ అటు చూడలేదు.

ముగ్గురూ ఫోనును నడుమ పెట్టుకుని కూర్చున్నారు. కొట్టంలో చంద్రి అరుస్తూనే ఉంది.

ఏడూ ఇరవై ఐదుకు ఫోన్ మోగింది. వీడియో. మొదట ఓదెలు చెప్పులు, తర్వాత మెట్లు, తర్వాత ఒక నీలం రంగు తలుపు కనిపించాయి. ఆ తలుపు ముందు తనూజ నిలబడి ఉంది. పొద్దుటి పసుపు చీర నలిగిపోయింది, జుట్టు చెదిరింది. ఒడి మాత్రం రెండు చేతులా పట్టుకునే ఉంది. ఆమె మొహం సగం మీద, తలుపు మీద, గడప మీద ఎర్రని ఎండ పడుతోంది.

"అమ్మా, పొద్దు చూడే," అంది తనూజ.

ఓదెలు ఫోను తిప్పాడు. తెల్లటి మిద్దెల పైన సూర్యుడు ఉన్నాడు. ఇంకా మునగలేదు. వరమ్మ ఫోనుకు దగ్గరగా వంగి, చూసి, రెండు చేతులూ జోడించింది. తనూజ కుడికాలు పెట్టి గడప దాటింది.

సత్తెమ్మ అగ్గిపుల్ల గీసి అత్త చేతికిచ్చింది. శాలిబండలో దీపం వెలిగింది.

ఆదివారం వండి పెడుతున్నానని, పది ఇళ్లవాళ్లనూ పిలుస్తున్నానని తనూజ చెబుతోంది. పోయినసారి అడిగిన ఆమెను ముందు పిలుస్తానంది. చెబుతూ చెబుతూ ఆగి, ఏదో విన్నట్టు చెవిని ఫోను దగ్గరికి పెట్టింది.

"అన్నా, చంద్రి ఎందుకు గట్ల ఒర్రుతుంది? మాపటి పాలు కాలేదా?"

రామ్‌చందర్ ఫోను తీసుకుని కొట్టంలోకి నడిచాడు. దాన్ని దాణా తొట్టి మీద, తుడిచేసిన గోడకు ఆనించి నిలబెట్టాడు. దూడను వదిలాడు. బకెట్ మోకాళ్ల మధ్య పెట్టుకుని, చంద్రి పక్కకు తల ఆనించి కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇంకా కాలే బిడ్డా," అన్నాడు. "యాల్లకే వచ్చినవ్ ఇంటికి."

మొదటి ధార బకెట్లో మోగింది. అవతల తనూజ, ఒళ్లో బియ్యంతో, పాలు అయ్యేదాకా ఫోను పెట్టేయకుండా వింటూ కూర్చుంది.